క్రింద నున్నవాడు ఓడినవాడా?



మన పల్లెలలో కుస్తీ చూడనివారు అరుదు. గోదాలో వీపు నేలకంటినవాడు ఓడినవాడు. అంతటితో డప్పు మ్రోగును, జనులు లేచి పోవుదురు. అయితే వీపు నేలకంటిన తరువాతనే పాఠము మొదలగు కుస్తీ యొకటి కలదు. దానిని బ్రెజిలియన్ జియు-జిట్సు అందురు.

జపాను దేశస్థుడగు మిత్సుయో మయేదా 1914లో బ్రెజిలు చేరి, తాను నేర్చిన జూడో విద్యను అక్కడివారికి చూపెను. ఆ విద్య గ్రేసీ కుటుంబమువారికి అబ్బెను. కార్లోస్, హేలియో అను అన్నదమ్ములు దానిని పెంచిరి. హేలియో సన్నని దేహము గలవాడు. బలవంతుడు మీదనుండగా బలహీనుడు ఏమి చేయగలడను ప్రశ్నయే ఈ విద్యకు ప్రాణము.

గత సెలవులలో పట్నమునుండి వచ్చిన మన సంఘపు యువకుడొకడు చాప పరచి, ఇందలి మొదటి పాఠములలో నొకటి మాకు చూపెను. క్రిందివాడు వెల్లకిల పరుండి, తనయెదుట మోకాళ్లూనినవాని నడుమును రెండు కాళ్లతో పెనవేయును. దీనిని గార్డు అందురు, అనగా కావలి. అక్కడనుండి మీదివానిని దొర్లించుట స్వీపు. వాని చొక్కాచేతిని, మెడపట్టీని పట్టుకొని, కాళ్లు విప్పి, నడుమును ప్రక్కకు జరిపి, ఒక కాలి ముంగాలును వాని పొట్టకు అడ్డముగా నుంచవలెను. రెండవ కాలు వాని మోకాటి ప్రక్కన నేలమీద నుండవలెను. తరువాత వానిని తనమీదికి లాగి, రెండు కాళ్లను కత్తెరవలె కదపవలెను. పట్టుబడిన చెయ్యి నేలకు ఆనలేదు గనుక వాడు ఆ వైపునకే దొర్లును, క్రిందివాడు మీదికి వచ్చును.

మేమును ప్రయత్నించితిమి. బలమంతయు పెట్టి కాలితో త్రోసితిమి. అతడు కదలలేదు, మా తొడ పట్టుకొనెను. "అయ్యగారూ, మీరు తోసేకొద్దీ నా బరువు నా మడమల మీదే ఉంటుంది. ముందు నన్ను దగ్గరకు లాగండి" అని అతడు నవ్వెను. ఆలాగు చేయగా, మాకంటె బరువైనవాడు సులువుగా దొర్లెను.

అప్పటినుండి ఒక ప్రశ్న మమ్మును విడువలేదు. క్రిందనున్నవానికి ఏమి బోధింపవలెను? అప్పుల క్రిందను, ఆసామి క్రిందను, కులము క్రిందను నలిగినవారు మన గుడిలో చాపలమీద కూర్చుండువారే. ఓర్చుకొనుడని వారికి చెప్పితిమి. ఆ మాట చెప్పుట మాకు సులభమాయెను, ఏలయనగా ఆ బరువు మామీద లేదు. ఈ తప్పు ఒప్పుకొందుము. గార్డు పట్టినవాడును ఓర్చును. అయితే వాని చేతులు పట్టు వెదకుచుండును, వాని నడుము జరుగుచుండును, వాని కన్ను సమయము చూచుచుండును. లొంగిపోయినవానియందు ఇవేవియు కానరావు.

ఎదుటివాని బరువుతోనే వానిని పడద్రోయుట మోసము కాదా అని కొందరడుగవచ్చును. నమ్మినవానికి చేయునది మోసము. ఇక్కడ నియమములు ఇద్దరికిని తెలియును. మీదికి వచ్చిన బరువును మోయక ప్రక్కకు దింపుట అన్యాయము కాదు.

అయితే అసలు పరీక్ష దొర్లించిన తరువాత వచ్చును. ఇప్పుడు మీద నున్నది మనమే. నిన్నటి కూలి నేడు మేస్త్రియై, తోటి కూలీలను తాను పడినదానికంటె ఎక్కువగా బాధించుట మనము చూడలేదా? అక్కడ మనుష్యులు మారిరి గాని బరువు మారలేదు. ఈ విద్య నేర్పుచోట్ల ఒక మంచి నియమమున్నది. చిక్కినవాడు చేతితో తట్టినంతనే మీదివాడు విడువవలెను. కొన్ని మారులు అభ్యసించిన పిమ్మట, దొర్లించినవాడు తానే మోకాళ్లూని, తోటివానిచేత దొర్లింపబడుటకు సమ్మతించును. అట్లు తన దేహమును పాఠముగా ఇయ్యనివాడుంటే రెండవవాడు నేర్చుకొనలేడు.

యబ్బోకు రేవున రాత్రియంతయు పెనుగులాడిన యాకోబును తలంచుకొనుడి. అతడు దీవెన పొందెను, కుంటుచు నడిచెను. ఆ పిమ్మట తాను మోసగించిన అన్న యెదుట ఏడు మారులు వంగెను. గెలిచిన పిమ్మట వంగుట అతనికి అవమానము కాలేదు, దానివలన అన్నదమ్ములు కలిసికొనిరి.

ప్రియులారా, క్రింద నలుగుచున్నవారు లేచుట నేర్చుకొందురు గాక. సంఘము వారికి ఒక చేయి అందించును గాక. మీద నున్నవారమైన మనము, మన యింటిలోను పొలములోను మన బరువు ఎవరిమీద నున్నదో ఈ వారము చూచుకొందము. వారు తట్టినయెడల వెంటనే విడుతము.