గడప దగ్గర ఆగిన ధర్మం

యుద్ధంలో కాలు పోయిన మనిషికి మనం ఏం బాకీ పడ్డామన్న ప్రశ్న చాలా పాతది. ఋగ్వేదం మొదటి మండలంలో విశ్పల ప్రస్తావన ఉంది. పోరులో ఆమె కాలు తెగితే అశ్వినీ దేవతలు ఇనుప కాలు అమర్చి మళ్లీ కదనానికి పంపారు. ముసలితనంలో ఆమె ఎలా బతికిందో ఋగ్వేదం చెప్పదు. మనమూ అక్కడే ఆగిపోయాం. పుణేలో 1944 నుంచీ సైన్యానికి కృత్రిమ అవయవ కేంద్రం ఉంది. కాలు ఇస్తున్నాం, పింఛను ఇస్తున్నాం. కానీ 1971లో మందుపాతర మీద అడుగేసిన ఇరవై ఏళ్ల జవానుకు ఇప్పుడు డెబ్బై దాటాయి. మోకాలి పైన తెగినవారికి కృత్రిమ కాలితో నడవడం మామూలు నడక కన్నా ఎంతో శ్రమ. గుండె బలం తగ్గాక చాలామంది చక్రాల కుర్చీకే మారతారు. పడుకునే ముందు కాలు ఎలాగూ తీసేస్తారు. అర్ధరాత్రి లేస్తే గోడ పట్టుకుని, తడి టైల్స్ మీద ఒంటికాలితో గెంతుతూ బాత్రూముకు వెళ్లాలి. పడితే ఉన్న కాలూ పోవచ్చు. గోడకు ఓ కడ్డీ, కుర్చీ పట్టేంత తలుపు, కూర్చుని స్నానం చేయడానికి బల్ల, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు: ఆ వయసులో ఆయన్ని నిలబెట్టేవి ఇవే.

దేహం అనిత్యం, దానికింత హంగామా ఎందుకని వేదాంతం చెప్పేవారున్నారు. దేహాన్ని పాతబట్టతో పోల్చిన గీతే, మూడో అధ్యాయంలో, పని మానితే దేహయాత్ర కూడా సాగదని హెచ్చరించింది. అనిత్యమన్న మాట తన దేహం గురించి తాను అనుకుంటే వైరాగ్యం, ఎదుటివాడి దేహం గురించి అంటే నిర్దయ. కొడుకూ కోడలూ ఎత్తుకుని తీసుకెళ్తారు కదా, సేవ పుణ్యమే కదా అన్న మాటలో బలముంది. ఎవరి మీదా ఆధారపడకుండా ఈ లోకంలో ఎవరూ బతకరు, నిజమే. అయితే సాయం ఎప్పుడు తీసుకోవాలో తీసుకునేవాడు నిర్ణయించుకోగలగాలి. మలవిసర్జనకు కూడా ఇంకొకరు నిద్ర లేచేదాకా ఆగాల్సి వస్తే, ఆ సేవ ఎంత ప్రేమతో చేసినా ఆయన గౌరవం మిగలదు. ఇక చక్రాల కుర్చీకి గడప అడ్డమంటే, పసుపు రాసి, బొట్టు పెట్టి లక్ష్మీస్థానంగా కొలిచేదాన్ని ఎలా తీస్తామంటారు. ఆ భక్తిని తేలిగ్గా తీసేయనక్కర్లేదు. ప్రధాన ద్వారం గడపకు రెండువైపులా చెక్క వాలు వేస్తే గడపా ఉంటుంది, కుర్చీ కూడా దాటుతుంది. లోపలి గదుల గడపలు మాత్రం తీసేయాల్సిందే. ఇంటి యజమానిని వాకిట్లోనే ఆపేసే గడపకు పవిత్రత ఉందంటే నేను ఒప్పుకోను.

మీ ఊళ్లో అలాంటి మాజీ సైనికుడుంటే, ఈ పంద్రాగస్టుకు శాలువా కొనే డబ్బుతో ఆయన బాత్రూములో కడ్డీ బిగించండి. ఎక్కడ, ఎంత ఎత్తులో కావాలో ఆయన్నే అడగండి.