దేవుడి ముందు నాట్యం, మన చేతిలో కెమెరా

ఈసారి ఒక ప్రశ్న. స్వామికి సమర్పించే నాట్యాన్ని మనం కెమెరాలో బంధిస్తే, అది భక్తి అవుతుందా, ఉత్త ఫుటేజ్ అవుతుందా?

మన పూజలో నృత్యం కూడా ఒక ఉపచారమే. ఛత్రం, చామరం, గీతంతో పాటు నృత్యాన్నీ దేవుడికి సమర్పిస్తాం. అంటే అసలు ప్రేక్షకుడు ఆయన. మనకు దక్కేది ప్రసాదం. ప్రసాదం చేతిలో పడగానే ఎవరైనా ముందు కళ్ళకద్దుకుంటారు కదా!

నేనుండేది వరంగల్ కాశిబుగ్గలో. ఈ మధ్యే మొదటిసారి ఒక పేరిణి ప్రదర్శనకి కెమెరా పట్టుకెళ్లాను. యుద్ధానికి వెళ్లే ముందు వీరులు శివుణ్ణి తమలోకి ఆవాహన చేసుకుంటూ ఆడేవారని చెప్పుకునే తాండవం ఇది. షటర్‌ని సెకనులో 500వ వంతుకి పెడితే గాల్లో లేచిన పాదం, గజ్జెలు స్పష్టంగా వచ్చాయి. 30వ వంతుకి తగ్గిస్తే చేతులు పొగలా సాగిపోయాయి. మొదటి ఫొటోలో భంగిమ ఉంది, ఊపు లేదు. రెండోదాంట్లో ఊపు ఉంది, ముఖం లేదు. గుండెల్ని అదరగొట్టిన మద్దెల మోత మాత్రం రెండింట్లోనూ లేదు.

మరి తీయడమే తప్పా? అలా అనలేం. 1213లో కట్టిన రామప్ప గుడి చూడండి. అక్కడ నాట్యం రాతిలో ఆగి ఉంది. గణపతిదేవుడి గజసేనాని జాయపసేనాని ‘నృత్తరత్నావళి’లో నాట్యాన్ని అక్షరాల్లో పెట్టాడు. మరుగున పడ్డ పేరిణికి 20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణగారు మళ్ళీ ప్రాణం పోశారంటే, ఆ శిల్పాలు, ఆ గ్రంథమే ఆధారం. దాచినవాళ్ళు లేకపోతే ఈరోజు మనకి చూసే భాగ్యం కూడా లేదు.

తేడా ఒక్కటే. ఒక భంగిమను రాతిలోకి తేవాలంటే శిల్పి ముందు దాన్ని కళ్ళారా చూసి, మనసులో నిలుపుకోవాలి. మనమేమో బర్స్ట్ మోడ్‌లో గబగబా తీసేసి, ఇంటికెళ్లి చూద్దాంలే అనుకుంటాం. మా ఆఫీసులో లాగ్ ఫైళ్ళూ ఇలాగే పోగవుతాయి, చాలావాటిని ఎవరూ తెరవరు. చూడకుండా దాచింది జ్ఞాపకం కాదు, నిల్వ సరుకు.

అందుకే నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. మొదటి అంశం అయ్యేదాకా కెమెరా సంచిలోనే. ఫ్లాష్ వద్దు, ఎందుకంటే అది కళాకారుడి ఏకాగ్రతను దెబ్బతీస్తుంది. వెనక కూర్చున్న బామ్మకి అడ్డం రాకుండా పక్కన నిలబడతాను. వాళ్ళకీ అది దర్శనమే. ఫొటో ఎక్కడైనా పెట్టేముందు ఆ కళాకారుణ్ణి అడుగుతాను, చిన్నపిల్లలైతే వాళ్ళ అమ్మానాన్నల్ని. సమర్పణ వాళ్ళది, లైకులు మనవి అయితే న్యాయం కాదు.

ముందు ప్రసాదంగా స్వీకరిద్దాం. దాచుకోవడం ఆ తర్వాత.

హర హర మహాదేవ!