అభయం ఎవరికి?

పని లేకుండా అడవికి పోవచ్చా? పట్నంలో పెరిగినవాళ్లకు ఈ ప్రశ్న వింతగా తోచవచ్చు. తండాలోనో గూడెంలోనో పుట్టినవాళ్లకు తోచదు. మన పెద్దలు అడవికి పోయిన ప్రతిసారీ ఏదో ఒక పని ఉండేది. తునికాకు, ఇప్పపువ్వు, మోదుగాకు, జిగురు, తేనె, ఎండుకట్టె, మేకల మేత, తప్పిపోయిన ఎద్దు. పండుగపూట పోయినా మొక్కు చెల్లించే పని ఉండేది. ఊరికే చూసి రావడానికి అడవికి పోవడం మన ఇళ్లలో కొత్త సంగతి.

ఆ కొత్త సంగతి ఇప్పుడు మన ఇళ్లలోకీ వచ్చింది. నిజామాబాద్‌లో చదువుకునే, చిన్న ఉద్యోగాలు చేసే మన పిల్లలు కొందరు గేర్ల సైకిళ్లు కొంటున్నారు. సెలవు దొరికితే ఒంటరిగా చాలా దూరం పోయి వస్తున్నారు. ఇందులో సంతోషించవలసింది ఉంది. మన తాతలకు సైకిల్ పనిముట్టు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ ఆ చుట్టుపక్కల సైకిల్ అంటే షిఫ్టుకు పోయే బండి, పాలక్యాన్లు మోసే బండి, గడ్డిమోపు తెచ్చే బండి. మనవడు అదే సైకిల్‌ను తన సంతోషం కోసం తొక్కుతున్నాడంటే తన రోజు మీద తనకు కొంత అధికారం వచ్చిందని అర్థం. దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

అయితే ఆ సైకిల్ అడవిలోకి ప్రవేశించిన చోట ఒక ప్రశ్న మొదలవుతుంది. చూడడానికి వచ్చినవాడిని ఒక తీరుగా, బతకడానికి వచ్చినవాడిని మరో తీరుగా చూడడం న్యాయమేనా? మనలో చదువుకున్నవాళ్లు ఇప్పుడు మొదటి వరుసలోకి వెళ్తున్నారు. మన తల్లిదండ్రులు ఇంకా రెండో వరుసలోనే ఉన్నారు. కాబట్టి ఈ ప్రశ్నను మనమే ఆలోచించాలి.

తెలంగాణలో చట్టప్రకారం జాతీయ పార్కులు మూడే. కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్ పరిసరాల్లోనే ఉన్నాయి. మన పాత నిజామాబాద్ జిల్లా వాళ్లకు దగ్గరలో ఉన్నది పోచారం వన్యప్రాణుల అభయారణ్యం. నిజాం కాలంలో అది వేటస్థలం. 1952లో అభయారణ్యం అయింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల ఆ అడవి ఇప్పుడు కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో ఉంది.

పోయిన చలికాలం నేను బోధన్ నుంచి ఆ దారిన సైకిల్ మీద ఒక్కడినే పోయాను. రుద్రూర్, బాన్సువాడ, ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మీదుగా పోతే పోచారం వస్తుంది. తెల్లవారుజామున బయలుదేరితే చీకటి పడేలోపు మెదక్ చేరవచ్చు. మొదట చాలా దూరం కాలువ నీటి పొలాలే. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో చెరుకు, ఆ చెరుకుతో ఫ్యాక్టరీ వచ్చాయి. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామంది రైతులు వరికి మళ్లారు. ఎల్లారెడ్డి దాటాక పొలాలు తగ్గి చెట్లు చిక్కబడతాయి. చలికాలంలో పోచారం చెరువుకు హిమాలయాల అవతలి నుంచి బాతులు వస్తాయి, తల మీద నల్లని అడ్డచారలు ఉండేవి. అడవిలో చుక్కల దుప్పులు, మనుబోతులు, కొండగొర్రెలు, ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి.

నీళ్ల కోసం రోడ్డు పక్కన ఒక తండాలో ఆగాను. "యాడీ" అని పిలవగానే ఇంటావిడ మన గోర్‌బోలీలోనే మాట కలిపింది. ఏ తండా, ఎవరి పిల్లగాడివి అని అన్నీ అడిగింది. చివరికి, ఏ పని మీద పోతున్నవని అడిగింది. పనేమీ లేదు, అడవి చూద్దామని వచ్చానన్నాను. ఆమె అన్నమాట తెలుగులో చెప్తే ఇది: "మేం కట్టెలకు పోతే అడిగేటోళ్లు ఉంటరు బిడ్డా. చూసేటందుకు పోతే ఎవ్వరూ అడగరా?" ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

ఆమె ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అందరూ పోవడానికి లేదు. అనుమతి ఉన్నవాళ్లు, లోపల స్థిరాస్తి హక్కు ఉన్నవాళ్లు, ప్రభుత్వ రహదారి మీద దాటిపోయేవాళ్లు పోవచ్చు. సైకిల్ మీద రోడ్డు వెంట పోయే నన్ను ఎవరూ అడగకపోవడానికి కారణం అదే. రోడ్డు దిగి లోపలికి పోవాలంటే అనుమతి కావాలి. ఏ కారణాలకు అనుమతి ఇవ్వవచ్చో 28వ సెక్షన్ చెప్తుంది. వన్యప్రాణుల పరిశీలన, ఫోటోలు తీయడం, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల ఉండేవాళ్లతో చట్టబద్ధమైన వ్యవహారం. చూడడానికి వచ్చినవాడి కారణానికి అక్కడ ఒక పేరుంది. పుల్లలు ఏరుకోవడానికి వచ్చిన ఆమె కారణానికి ఆ జాబితాలో పేరు లేదు.

ఆ పేరు రావడానికి 2006 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద గిరిజనులకు హక్కు ఉందని చెప్పింది. తునికాకు, తేనె, దుంపలతో పాటు పొదల పుల్లలు, మొద్దులు కూడా అందులో ఉన్నాయి. అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా ఈ చట్టం కిందికి వస్తాయి. చాలా తండాల్లో ఈ సంగతి తెలియదు. పట్టా అంటే సాగుభూమికి మాత్రమే అనుకుంటారు. సామూహిక హక్కు కోసం గ్రామసభ దరఖాస్తు పెట్టవచ్చని తెలిసినవాళ్లు తక్కువ.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. చదువుకున్న మన పిల్లలే అంటారు: "నేను అడవి నుంచి ఏమీ తీసుకోను. నీళ్ల సీసా కూడా వెనక్కి తెచ్చుకుంటాను. కట్టెలు కొట్టేవాళ్లు తీసుకుంటారు. మరి ఇద్దరికీ తేడా ఉండొద్దా?" ఇది బలమైన మాటే. కానీ ఆ లెక్క ఒక్క రోజుకు, ఒక్క చోటుకు వేసిన లెక్క. సైకిల్ తొక్కిన వాడు ఇంటికి పోయి గ్యాసు పొయ్యి మీద టీ పెట్టుకుంటాడు. ఆ గ్యాసు, ఆ చక్కెర, వాడి ఇంటి తలుపు చెక్క ఎక్కడో ఒకచోట నేలనుంచే వచ్చాయి. ఎక్కడో నీళ్లు మళ్లాయి, ఎక్కడో చెట్టు కూలింది. నిజాంసాగర్ నీళ్ల కింద ఊళ్లు మునిగాకే బోధన్ చక్కెర తీపి అయింది. పట్నంవాడి అవసరం దూరంగా, కనబడకుండా తీరుతుంది. అడవి మనిషి అవసరం కళ్ల ముందు, నెత్తిమీద మోపుగా కనబడుతుంది. కనబడినదాన్నే నేరంగా లెక్కవేస్తే అది న్యాయం కాదు.

ఇంకొక సంగతి ఉంది. తిరిగి వచ్చినవాళ్లు అడవి గురించి ఎక్కువగా చెప్పే మాట "మనిషి అలికిడి లేదు" అని. కొన్నిచోట్ల ఆ నిశ్శబ్దం దానంతట అది వచ్చింది కాదు. కవ్వాల్ అడవి 2012లో టైగర్ రిజర్వ్ అయింది. దాని కోర్ ప్రాంతంలోని రాంపూర్, మైసంపేట ఊళ్లవాళ్లను ఇటీవల బయటికి తరలించి పునరావాసం ఇచ్చారు. పులికి చోటు కావాలనేది నిజం. అక్కడి పిల్లలకు బడి, ఆసుపత్రి దగ్గర కావాలనేది కూడా నిజం. అయినా రేపు ఆ దారిన పోయే మనిషి ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకునే ముందు, ఇక్కడ నిన్నటిదాకా పొయ్యిలు వెలిగేవని తెలుసుకోవాలి. తెలుసుకోవడం వల్ల వాడి సంతోషం తగ్గవచ్చు. తగ్గనివ్వండి.

దాటిపోవడం అనే పనికి మన లంబాడీల చరిత్రలో పెద్ద చోటుంది. మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగారు. దాన్నే లదేణి అన్నారు. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ బతుకు పోయింది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. తర్వాతి కాలంలో బంజారాల్లో కొన్ని గుంపులతో సహా అనేక సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా రాసింది. దారిన పోవడమే అనుమానానికి కారణమైంది. ఆ చట్టం 1952లో రద్దయింది. పోచారం అడవికి అభయం దొరికిన సంవత్సరమూ అదే. ఈ రెండింటికీ సంబంధం లేదు. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. తిరగడం అనేది ఒకడు చేస్తే యాత్ర, ఇంకొకడు చేస్తే నేరం ఎలా అవుతుందో కాలం, చట్టం, బట్టలు నిర్ణయిస్తాయి. 2006 చట్టం సంచార, పశుపాలక సమూహాలు కాలానుగుణంగా అడవిని వాడుకునే సంప్రదాయాన్ని హక్కుగా గుర్తించింది. అంటే బతుకు కోసం దాటిపోవడం కూడా గౌరవంగల పనేనని చట్టం ఒప్పుకుంది.

ఇంత చెప్పాక మన వైపు తప్పులను దాచకూడదు. ఉచ్చు పెట్టేవాడు మన తండాలోనూ ఉంటాడు. చేనుకు కరెంటు తీగ కట్టి అడవిపందిని చంపేవాడు ఉంటాడు. ఆ తీగకు ఒక్కోసారి మనిషే బలవుతాడు. ఆకు బాగా చిగురిస్తుందని నిప్పు పెట్టేవాడు ఉంటాడు. పేదరికం వీటన్నిటికీ జవాబు కాదు. ఇంటి పొయ్యికి ఒక మోపు వేరు, వ్యాపారికి ట్రాక్టరు లోడు వేరు. అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ గ్రామసభకు అధికారంతో పాటు వన్యప్రాణులను, అడవిని కాపాడే బాధ్యతనూ ఇచ్చింది. హక్కు అడిగే నోటితోనే ఆ బాధ్యతనూ చెప్పాలి. లేకపోతే మన మాటకు బలం ఉండదు.

అభయం అంటే భయం లేకపోవడం. అభయారణ్యంలో దుప్పికి మనిషి భయం ఉండకూడదనేది సరైన ఆశయం. పుల్లలు ఏరే తల్లికి జవాను భయం ఉండకూడదనేది కూడా అంతే సరైన ఆశయం. ఒకదాని కోసం రెండోదాన్ని వదులుకోవాలని ఎవరైనా అంటే, రెండింటినీ కలిపి నడిపే తీరును వాళ్లు ఇంకా వెతకలేదని అనుకోవాలి. మూడో భయం ఒకటుంది, దాని గురించి మనమే మాట్లాడాలి. నేను ఒక్కడినే ఒక పగలంతా సైకిల్ తొక్కి వచ్చాను. మా తండా ఆడపిల్ల అదే దారిన ఒక్కతే పోయి వస్తానంటే ఇంట్లో ఎంతమంది సరే అంటారు? ఆమెకు భయం ఎలుగుబంటితో కాదని అందరికీ తెలుసు. ఆమె పోయి రాగలిగే దాకా ఆ రోడ్డుకు అభయం పూర్తి కానట్టే.

ఒంటరి ప్రయాణం గొప్పదనేవాళ్లు దాని స్వేచ్ఛ గురించి చెప్తారు. నాకు దాని గొప్పతనం వేరేచోట కనబడింది. గుంపుగా పోయేవాళ్లు తమ ఊరిని వెంటబెట్టుకుని పోతారు. నీళ్లు, తిండి, మాట అన్నీ వాళ్లలో వాళ్లకే సరిపోతాయి. ఒక్కడే పోయేవాడు నీళ్లు అడగాలి, దారి అడగాలి, పంక్చరైతే సాయం అడగాలి. అడగడానికి అక్కడ మనుషులుండాలి. అక్కడ ఉండిపోయినవాళ్ల దయతోనే ఒంటరివాడి స్వేచ్ఛ నడుస్తుంది. కాబట్టి వాళ్ల పట్ల వాడికి అప్పు ఉంది. చూసి వచ్చినది చెప్పడం, అడిగినవాళ్లకు చట్టంలో ఏముందో చదివి వినిపించడం ఆ అప్పు తీర్చే మార్గాలు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలను అడవి చూపించడానికి తీసుకుపోతే, ముందు ఆ ఊరి పెద్దలతో మాట్లాడి, వాళ్లలో ఒకరిని వెంట తీసుకుపోండి. పిట్టల పేర్లతో పాటు దారుల పేర్లు, వాగుల పేర్లు మన భాషలో రాయించండి. తిరిగి వచ్చాక బడిలో మూడు ప్రశ్నలు ఇవ్వండి. ఈ అడవిలోకి ఎవరు అడగకుండా పోగలరు? ఎవరు భయంతో పోతారు? ఆ భయం తగ్గాలంటే మన గ్రామసభ ఏ కాగితం రాయాలి? మూడో ప్రశ్నకు జవాబును పిల్లల చేతనే రాయించి, వచ్చే గ్రామసభలో చదివించండి.