పురిటి వంకన మెల్‌బోర్న్

2020 జనవరిలో నేను రాజమండ్రి నుంచి మెల్‌బోర్న్ వెళ్ళాను. ఎందుకు వెళ్తున్నావని అడిగిన వాళ్ళందరికీ అమ్మాయి పురిటికని చెప్పాను. అబద్ధం కాదు. కానీ అమ్మాయికి నెల తప్పిందని ఫోనొచ్చిన రోజున, సంతోషపడటం అయ్యాక, నేను మొదట చేసిన పని క్యాలెండర్ తీసి నెలలు లెక్కపెట్టుకోవడం. 2020 మార్చి 8న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో మహిళల టి20 ప్రపంచ కప్ ఫైనల్. మనవాళ్ళు అందాకా వస్తారో రారో తెలీదు. వస్తే నేనక్కడ ఉండాలి. ఈ మాట అమ్మాయికి కూడా చాలాకాలం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేకపోయాననేదే ఇన్నేళ్ళూ నన్ను తొలుస్తున్న ప్రశ్న.

ఈ అభిమానం నాకు 2002లో పట్టుకుంది. ఇంగ్లండ్‌లో టాంటన్ అనే ఊళ్ళో మిథాలీ రాజ్ 214 పరుగులు చేసింది. అప్పటికి ఆడవాళ్ళ టెస్టుల్లో అదే ప్రపంచ రికార్డు. మన హైదరాబాద్ పిల్ల, పందొమ్మిదేళ్ళది. పేపర్లో వేలెడంత వార్త వేశారు. దాన్ని కత్తిరించి ఆఫీసు సొరుగులో దాచుకున్నాను. ఆడవాళ్ళ క్రికెట్‌ని బోర్డు తన గొడుగు కిందికి తీసుకున్నది 2006లో. అంతకుముందు వాళ్ళు రిజర్వేషన్ లేని రైలు పెట్టెల్లో కిట్లు మోసుకుంటూ తిరిగేవారు. టీవీలో చూపించేవారే కాదు. 2017 జూలైలో లార్డ్స్ ఫైనల్ నాటికి మా హాల్లో మగవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. 191కి మూడే వికెట్లు పోయిన స్థితి నుంచి 219కి అందరూ అవుటై, 9 పరుగుల తేడాతో ఓడిపోయారు. మగవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. నేను ప్లేట్లు తీస్తూ ఏడ్చాను. ఉల్లిపాయలు కూడా అడ్డం లేవు, ఊరికే ఏడ్చాను.

మా అక్క కొడుకొకడు అమలాపురంలో పుట్టి డాలస్‌లో స్థిరపడ్డాడు. అక్కడి డాలస్ కౌబాయ్స్ అనే ఫుట్‌బాల్ జట్టంటే ప్రాణం. అది కాలితో ఆడే మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకలో పెట్టుకుని ఒకళ్ళమీద ఒకళ్ళు పడేది. 2014 నవంబర్‌లో ఆ జట్టు లండన్‌లో వెంబ్లీ స్టేడియంలో జాక్సన్‌విల్ జట్టుతో ఆడితే, వీడు అమెరికా నుంచి అట్లాంటిక్ దాటి వెళ్ళి చూసొచ్చాడు. ఇంట్లో వారంరోజులు నవ్వుకున్నాం. "వాడికదో పిచ్చి" అంది అక్క, మురిసిపోతూ. సంక్రాంతికి భీమవరం కోడిపందేలకి విమానాలెక్కి వచ్చేవాళ్ళనీ ఎవరూ ఏమీ అడగరు. మగవాడిది సరదా, మరీ ఎక్కువైతే పిచ్చి. అదే ఆడదైతే తిరుగుళ్ళు.

మా డెల్టా ఆడవాళ్ళు సముద్రం దాటడం ఎరగనివాళ్ళేం కాదు. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి వేలమంది కువైట్‌కీ, మస్కట్‌కీ, దుబాయ్‌కీ ఇంటిపనికి వెళ్ళారు. నాబోటి మధ్యతరగతి అమ్మలం పురుళ్ళకీ, మనవల్ని ఎత్తుకోవడానికీ న్యూజెర్సీకో మెల్‌బోర్న్‌కో వెళ్తాం. ఆవకాయ జాడీలు, కాయం సామాను సర్దుకుని. ఒకరికి జీతముంది, ఒకరికి లేదు. అంతకుమించి తేడా లేదంటే మనవాళ్ళు నొచ్చుకుంటారు. తేడాలు చాలానే ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను. కానీ ఇద్దరం ఎవరికోసమో వెళ్ళినవాళ్ళమే. మా పాస్‌పోర్టుల్లో నా కోసం అనే ముద్ర లేదు.

సెమీఫైనల్ సిడ్నీలో వానకి కొట్టుకుపోయి, గ్రూపులో ముందున్నందుకు మనవాళ్ళు ఫైనల్‌కి వచ్చారు. ఆ రాత్రి అమ్మాయికి చెప్పాను. నెలన్నర బాబుని భుజానేసుకుని అది నన్ను కాసేపు చూసి, "ఇందుకా వచ్చావు?" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వులో ఎంత నొప్పి ఉందో ఇప్పటికీ అంచనా వేయలేను. అల్లుడు ఇంట్లో ఉండి ఆ సాయంత్రం పిల్లాణ్ణి చూసుకున్నాడు. బంధువులంతా అతన్ని మెచ్చుకున్నారు.

స్టేడియంలో 86,174 మందిమి. ఆడవాళ్ళ ఆట కోసం అంతమందా అని నాకు ఒళ్ళు జలదరించింది. మిథాలీ లేదు, అంతకుముందు సంవత్సరమే టి20ల నుంచి తప్పుకుంది. మొదటి ఓవర్లోనే పదహారేళ్ళ షెఫాలీ వర్మ అలిస్సా హీలీ క్యాచ్ జారవిడిచింది. హీలీ 39 బంతుల్లో 75 కొట్టింది. మనవాళ్ళు 99కి ముగిశారు, 85 పరుగుల తేడా. ఆట చివర షెఫాలీ కళ్ళు తుడుచుకుంటుంటే చుట్టుపక్కల ఎవరో తెలియని పంజాబీ ఆడవాళ్ళతో కలిసి నేనూ తుడుచుకున్నాను.

మర్నాడు పత్రికల నిండా ఇంకో కథ. హీలీ భర్త మిచెల్ స్టార్క్ దక్షిణాఫ్రికాలో సిరీస్ ఆఖరి మ్యాచ్ వదులుకుని, భార్య ఆట చూడటానికి వచ్చాడట. మంచి పనే. అయితే భర్తల వెంట ఊళ్ళూ దేశాలూ మారిన ఆడవాళ్ళ పేర్లు ఏ పేపరూ వేయదు కదా అనిపించింది.

నేను వెళ్ళకపోతే ఆ జట్టుకి పోయేదేమిటి? ఏమీ లేదు. ఒక కుర్చీ ఖాళీగా ఉండేది, అదీ ఎవరో నింపేవారు. నా ప్రయాణాలన్నిటిలోనూ ఎవరికీ ఉపయోగపడనిది అదొక్కటే. ఉపయోగపడటం చెడ్డదని నేననను. కానీ ఉపయోగపడటానికే ఉన్నది రోలూ, రోకలీ. చాకిరీ చేశావు గనక ఒక పూట సరదా తీర్చుకో అంటే అది కూలీయే అవుతుంది. నాకు అర్హత లెక్క లేని సరదా కావాలి, మా అక్క కొడుక్కి ఉన్నట్టు. ఇరాన్ ఆడవాళ్ళు దశాబ్దాలుగా స్టేడియం గేటు దగ్గర అడిగింది ఇదే. సహర్ ఖొదయారీ 2019 మార్చిలో మగవేషం వేసుకుని తన జట్టు ఆట చూడబోయి పట్టుబడింది. జైలు పడుతుందని విని సెప్టెంబర్‌లో కోర్టు ముందు నిప్పంటించుకుని చనిపోయింది. అక్టోబర్‌లో ఆజాదీ స్టేడియంలో ఆడవాళ్ళకి కొన్ని టికెట్లు ఇచ్చారు. ఆమె పక్కన నా పురిటి వంక చాలా చిన్నది. నన్ను ఏ పోలీసూ ఆపలేదు, నేనే ఆపుకున్నాను.

ఇక్కడిదాకా నా వాదన నాకు బాగానే ఉంది. చిక్కు తర్వాత వచ్చింది.

నేను వెళ్ళిన మూడు నెలలకీ ఎనభైయారేళ్ళ మా అత్తగారిని చూసుకోవడానికి రాజోలు దగ్గర్నుంచి ఒకామెని కుదుర్చుకున్నాం. కువైట్‌లో తొమ్మిదేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. ఏప్రిల్‌లో నా తిరుగు టికెట్. మార్చి 22 నుంచి విమానాలు ఆగిపోయాయి, 25 నుంచి లాక్‌డౌన్. ఆమె ఊరు వెళ్ళడానికి బస్సుల్లేవు. అత్తగారిని వదలడానికి మనసు రాలేదనీ అంది, అదెంత నిజమో, గత్యంతరం లేనితనం ఎంతో నేను అడగలేదు. జూన్‌లో వందే భారత్ విమానంలో వచ్చి, క్వారంటైన్ అయ్యాక ఇల్లు చేరేదాకా ఆమె తన పిల్లల్ని చూడలేదు. నేను పురిటికే వెళ్ళి ఉన్నా ఇంతే జరిగేది, నిజమే. కానీ పురిటికైతే "ఏం చేస్తాం, తప్పలేదు" అనుకుని నిద్రపోయేదాన్ని. అంటే బాధ్యత పేరు చెప్పుకుంటే ఇంకో ఆడదాని చాకిరీ కంటికి కనబడదు. సరదా అని ఒప్పుకున్నాకే కనబడింది. రెట్టింపు జీతం ఇచ్చాను. ఆమె లెక్కపెట్టుకుని తీసుకుంది. లెక్క సరిపోయిందో లేదో నాకు ఇంకా తెలియదు.

వెళ్ళే ముందురోజు వీధి అరుగు మీద కూర్చుని అడిగింది, "ఆట బాగుందాండీ?"

"ఓడిపోయారు."

"అయ్యో, అంతదూరం ఎల్లి!" అని నవ్వింది. నాకన్నా రెండేళ్ళు పెద్దది. తను నన్ను అండీ అంటుంది, నేను నువ్వు అంటాను. అలవాటైపోయింది.

కువైట్‌లో సముద్రం ఒడ్డున నీలం గోళాలున్న టవర్లుంటాయట. యజమాని పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కారులో ఎన్నోసార్లు అటు వెళ్ళిందట గానీ, దిగింది లేదు.

"ఓపాలి ఎల్లి, చేతిలో పిల్లోడు లేకుండా ఆటికాడ నిలబడాలనుందండీ. టికెట్టెంతవుద్దండీ?"

నాకు తెలిసిన లెక్క చెప్పాను. ఇంట్లో ఏం చెప్పి వెళ్తావని అడిగాను.

"ఏముందండీ, పనికని చెబుతాను."