చెల్లుచీటీ తీసుకున్న దేవుడు

ఉగాది నాటి పంచాంగ శ్రవణంలో పన్నెండు రాశులవారికీ ఆ ఏటి ఆదాయ వ్యయాలను, రాజపూజ్య అవమానాలను అంకెల్లో చదివి వినిపించడం తెలుగువారి ఆచారం. రాబడిని, ఖర్చును గౌరవ అవమానాల సరసనే ఒకే పట్టికలో నిలిపిన ఆ ఏర్పాటు, ధనం వచ్చి పోయే తీరుకు మనిషి బతుకులోని మర్యాదతో సంబంధం ఉందని చెప్పకనే చెబుతుంది. అయితే పంచాంగం చదివేది గ్రహాలు వేసిన లెక్క, దాన్ని ఏడాదికొకసారి విని ఊరుకోవడమే తప్ప వినేవాడు చేయగలిగింది లేదు; ఇంట్లో రాసుకునే చిట్టా, అంటే ఏనాటి ఖర్చును ఆనాడే వరుసగా ఎక్కించే పుస్తకం, ఆవర్జా, అంటే చిట్టాలోని పద్దులను ఖాతాలవారీగా విడదీసి ఎత్తి రాసే పుస్తకం, మనిషి తన చేతితో తాను వేసుకునే లెక్క. ఈ రెండో లెక్క ఆధ్యాత్మిక జీవనానికి సాయపడుతుందా, అడ్డుపడుతుందా అన్నది చూడడానికి చిన్న ప్రశ్నే గాని, దానికి చెప్పే సమాధానాన్ని బట్టి వైరాగ్యమనే మాటకు అర్థమే మారిపోతుంది.

అడ్డుపడుతుందనే వాదానికి బలం లేకపోలేదు. భగవద్గీత ఆరో అధ్యాయం ధ్యానయోగిని వర్ణించేటప్పుడు అపరిగ్రహమనే గుణాన్ని, అంటే అక్కరకు మించి దేన్నీ కూడబెట్టుకోని స్వభావాన్ని, అతడి లక్షణాల్లో ఒకటిగా చెప్పింది; వేమన లోభిని తిట్టినంతగా మరెవరినీ తిట్టలేదేమో అనిపిస్తుంది. రోజూ పొద్దుపోయాక పైసా పైసా కూడి చూసుకునే మనిషి మనసు పైసల చుట్టే తిరుగుతుందని, లెక్క మమకారానికి మరో పేరని, చేతికి వచ్చింది వచ్చినట్టు వదిలేసేవాడే విరాగి అని సాధారణంగా ఒక నమ్మకం ఉంది. కానీ చూడకుండా వదిలేయడం, చూసి వదిలేయడం ఒకటి కావు. మొదటిదాన్ని వైరాగ్యమని పిలిచినందువల్ల జరిగిన నష్టం మన సంసారాల్లో తక్కువేమీ కాదు.

ఈ తేడాను అందరికంటే స్పష్టంగా గుర్తించినవాడు, రాజ్యాన్నే విడిచి వెళ్లిన బుద్ధుడు కావడం ఆలోచించదగ్గ విషయం. పాళీ భాషలోని అంగుత్తర నికాయంలో దీఘజాణు అనే కోలియ గృహస్థు ఆయన దగ్గరికి వచ్చి, తాము భార్యాబిడ్డలతో కాపురం చేసుకుంటూ, కాశీ చందనం పూసుకుంటూ, పూలదండలు ధరిస్తూ, వెండి బంగారాలు చేత పట్టుకునే మనుషులమని, తమవంటివారికి ఇహానికీ పరానికీ పనికివచ్చే ధర్మం చెప్పమని అడిగిన ఘట్టం ఒకటి ఉంది. బుద్ధుడు ఆ గృహస్థును సన్యసించమనలేదు. ఇహలోక సుఖానికి నాలుగు సంపదలు చెబుతూ ఉద్యోగంలో పట్టుదలను, ఆర్జించినదాన్ని కాపాడుకోవడాన్ని, మంచివారి స్నేహాన్ని, చివరగా సమజీవితను పేర్కొన్నాడు. సమజీవిత అంటే రాబడి ఎంతో, పోబడి ఎంతో తెలిసి, మరీ విచ్చలవిడిగా గాని, మరీ పిసినారిగా గాని కాకుండా సమంగా బతకడం. త్రాసు పట్టినవాడికి తట్ట ఎంత దిగిందో, ఎంత లేచిందో తెలిసినట్టు గృహస్థుకు తన ఆదాయ వ్యయాలు తెలిసి ఉండాలన్నది అక్కడి పోలిక.

ఆ పోలికకు తోడుగా వచ్చే మరి రెండు ఉపమానాలు తెలుగు నేలకు పరాయివి కావు. కొద్ది రాబడితో గొప్ప బతుకు బతికేవాణ్ణి మేడిపళ్లు తినేవాడితో పోల్చారు. నాలుగు పండ్ల కోసం చెట్టును దులిపి, రాలినవాటిలో తిన్నది తిని తక్కినవన్నీ నేలపాలు చేసేవాడని వ్యాఖ్యాతలు దాన్ని వివరించారు. పెద్ద రాబడి ఉండి దీనంగా బతికేవాడు దిక్కులేని చావు చస్తాడని లోకం అంటుందని అదే చోట చెప్పారు. అంటే దుబారా ఎంత దోషమో, లోభమూ అంతే దోషం, త్రాసు రెండు వైపులా తప్పు చూపిస్తుంది. లెక్క లోభానికి దారి అనే వాదానికి ఇంతకన్నా సూటి జవాబు మరొకటి ఉండదు, ఎందుకంటే నిజంగా లెక్క చూసుకునే లోభికి తాను తనకూ, తనవారికీ పెట్టని పద్దు ఖాళీగా ఎదురై నిలుస్తుంది. పరలోక హితానికి చెప్పిన నాలుగింటిలో త్యాగం ఉండడం వల్ల ఈ ధర్మం పొదుపు దగ్గరే ఆగిపోలేదని తెలుస్తుంది.

అదే ప్రసంగంలో చెరువు ఉపమానం కూడా ఉంది. నాలుగు తూముల గుండా నీరు వచ్చి, నాలుగు తూముల గుండా పోయే పెద్ద చెరువుకు, వచ్చే దారులు మూసి పోయే దారులు తెరిస్తే, పైన వాన లేకపోతే ఏ గతి పడుతుందో సంపదకూ అదే గతి పడుతుందని, ఆ పోయే దారులు పరస్త్రీ వ్యసనం, తాగుడు, జూదం, చెడు సావాసం అని చెప్పారు. చెరువుల కింద బతికిన జనానికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు, ఇంటికి చేరవలసిన కూలి డబ్బు సారా దుకాణం దగ్గరే ఆగిపోతున్నదని తమలో తాము చెప్పుకుని, ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నప్పుడు చేసింది సరిగ్గా ఆ తూమును గుర్తించడమే. వారి చేతిలో ఆవర్జా లేదు, అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్న అక్షరాలు మాత్రం ఉన్నాయి; 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం రావడానికీ, ఆ వెనకే నెల్లూరులో రోజుకొక రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు పుట్టడానికీ ఆ చూపే మూలం. లెక్క తెలియడమంటే కూడికలు రావడం కాదని, డబ్బు ఏ దారిన పోతున్నదో చూసి, చూసినదాన్ని బయటికి చెప్పగలగడమని ఆ ఉద్యమం చెప్పినంత బలంగా ఏ గ్రంథమూ చెప్పలేదు.

ఇక చూడడమంటే ఏమిటన్నది వేదాంతం తీరిగ్గా విచారించిన విషయం. అద్వైతంలో సాక్షి అనే మాటకు, మనసులో పుట్టే కోరికలను, కదలికలను వాటిలో కలిసిపోకుండా కేవలం తెలుసుకునే చైతన్యమని అర్థం; చూసేది వేరు, చూడబడేది వేరు అని విడదీసి తెలుసుకోవడం ఆ మార్గంలో మొదటి అడుగు. ఖర్చు పుస్తకాన్ని ఆ సాక్షి చైతన్యంతో సమానం చేయడం తగదు, ఎందుకంటే రాయడం ఒక క్రియ, సాక్షి ఏ క్రియా చేయడు. అయినా పగలు అంగడిలో కొన్నవాడూ, రాత్రి దీపం ముందు ఆ పద్దు రాసేవాడూ ఒకే మనిషై కూడా ఒకే స్థితిలో ఉండరన్నది అనుభవానికి అందే సత్యం. కొన్నప్పుడు కోరిక మాట్లాడింది. రాసేటప్పుడు కోరిక చల్లారి, దాని ధర మాత్రం మిగిలింది. ఆ ఎడంలో నిలబడి తన కోరికను తానే కాస్త దూరం నుంచి చూడడం, పెద్ద సాధనకు చిన్నపాటి అభ్యాసంగానైనా పనికివస్తుంది.

మోహన్‌దాస్ గాంధీ 1888 నుంచి 1891 వరకు లండన్‌లో న్యాయశాస్త్రం చదివిన రోజుల్లో బండి బాడుగ, తపాలా బిళ్లలు, వార్తాపత్రిక కోసం పెట్టిన రాగి నాణేలతో సహా ప్రతి ఫార్దింగూ రాసుకుని, నిద్రకు ముందు నిల్వ సరిచూసుకునేవారని ఆత్మకథలో చెప్పుకున్నారు. ఫార్దింగు అంటే పెన్నీలో నాలుగో వంతు, నాటి ఆంగ్ల నాణేల్లో చాలా చిన్నది. అన్నగారు పంపే డబ్బుతో బతుకుతున్నాననే ఎరుక ఆ లెక్క వెనక ఉంది, ఆ లెక్క వల్లనే గదులు తగ్గాయి, బండ్లు మాని నడక పెరిగింది, ఖర్చు సగానికి పడింది. తరువాతి కాలంలో లక్షల్లో ప్రజాధనం తన చేతుల మీదుగా నడిచినా అప్పులు మిగలకపోవడానికి ఆ అలవాటే కారణమని ఆయన భావించారు. ఇక్కడ గమనించవలసింది ఆయన చేత్తో రాశారన్న సంగతి. 2016లో యూపీఐ వచ్చిన తరువాత టీ కొట్టు దగ్గర ఇచ్చిన పది రూపాయలు కూడా తేదీ, గంట, నిమిషంతో సహా ఫోనులో వాటంతట అవే నమోదవుతున్నాయి. ఇంత నిక్కచ్చి చిట్టా ఏ కరణమూ రాసి ఉండడు. కానీ నమోదు వేరు, సాక్ష్యం వేరు. ఎవరూ చదవని పద్దు చిత్రగుప్తుడి పుస్తకం వంటిది, మనిషి ఉన్నంతకాలం అతడికి కనిపించదు.

గాంధీ జీవితంలో ఈ లెక్క మరో మలుపు తిరిగింది. దక్షిణాఫ్రికాలో గీతను అధ్యయనం చేస్తూ, అపరిగ్రహాన్ని ఆచరించడమంటే ఉన్నదంతా వదిలిపోవడమా అని తర్కించుకుంటున్నప్పుడు, ఆయనకు దారి చూపింది తాను చదివిన ఆంగ్ల న్యాయశాస్త్రంలోని ధర్మకర్త అనే భావన. ఇతరుల ఆస్తిని వారి మేలు కోసం నిర్వహిస్తూ అందులో ఒక్క పైసానూ తనదిగా భావించనివాడు ధర్మకర్త. తెలుగునాట దేవాలయ ఆస్తుల బాధ్యత వహించేవారికి ఈ పేరు ముందునుంచీ ఉంది. సొంతదారుడు లెక్క చూపకపోయినా అడిగేవాడు ఉండడు, ధర్మకర్తకు లెక్కే ధర్మం. కనుక తన జీతాన్ని, తన ఇంటి ఖర్చును కూడా పద్దు రాసుకునే గృహస్థు, తెలిసో తెలియకో, తనను సొంతదారుడి స్థానం నుంచి ధర్మకర్త స్థానానికి మార్చుకుంటున్నాడు. జైన గృహస్థులు తమ ఆస్తికి తామే ఒక హద్దు పెట్టుకునే పరిగ్రహ పరిమాణ వ్రతం, ముస్లింలు ఏడాది నిండిన ధనంలో నూటికి రెండున్నర వంతు చెల్లించే జకాత్, రెండూ లెక్క లేకుండా ఆచరించడానికి వీలులేనివే.

అయితే ఒక హెచ్చరిక అవసరం. తనను తాను అడుగుకునే లెక్క సాధన అయితే, ఎదుటివారిని అడిగే లెక్క చాలాసార్లు పెత్తనం. పచారీ సామానుకు ఇచ్చిన డబ్బులో అణా పైసలతో లెక్క చెప్పమని ఇల్లాలిని నిలదీసి, తన సిగరెట్ల పద్దు మాత్రం ఎక్కడా రాయని మగవాడి చిట్టాకు ఏ ఆధ్యాత్మిక విలువా లేదు. ఆ ఇంట పోపుల డబ్బాలో దాగిన రూపాయలు ఏ పుస్తకానికీ ఎక్కకపోయినా, పిల్లవాడి జ్వరానికి మందు కొన్ననాడు వాటి న్యాయం తేలిపోతుంది.

లెక్కకూ భక్తికీ మధ్య ఉన్న చిక్కు తెలుగువారి చరిత్రలో కంచర్ల గోపన్న కథలో అన్నిటికంటే పదునుగా కనిపిస్తుంది. నేలకొండపల్లిలో పుట్టి, గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (పాలన 1672–1687) కాలంలో పాల్వంచ పరగణాకు తహశీల్దారై, వసూలైన పన్నును ఖజానాకు చేర్చకుండా భద్రాచల రామాలయానికి ఖర్చుపెట్టి, గోలకొండ కోటలో బందీ అయినవాడు ఆయన. భక్తుల దృష్టి సహజంగానే ఆయన పడిన బాధల మీద నిలిచింది. కానీ ఆ ధనం రైతులు చెల్లించిన శిస్తు అనీ, తహశీల్దారు దానికి సొంతదారుడు కాదనీ మరిచిపోతే ఆ కథలోని నైతిక భారం తేలిపోతుంది. ఆ భారం, రామదాసుగా పేరుపడ్డ గోపన్నకు తెలుసు. బందిఖానాలో పాడినదిగా ప్రసిద్ధమైన ఇక్ష్వాకు కులతిలక కీర్తనలో ఆయన ప్రాకారానికి ఎంత, ఏ మూర్తికి చేయించిన ఏ నగకు ఎంత, సీతమ్మ చింతాకు పతకానికి ఎంత అని పదివేల చొప్పున ఒక్కొక్క పద్దూ దేవుడి ముందు చదువుతాడు. తెలుగు భక్తి సాహిత్యంలో ఇది స్తోత్రం రూపంలో ఉన్న ఖర్చుల జాబితా. తాను ఏదీ వాడుకోలేదని, ప్రతి వరహా ఎటు పోయిందో చెప్పగలనని ఒక అధికారి చేస్తున్న నివేదన అందులో వినిపిస్తుంది. ఆ కీర్తనలో రాముడి మీద పలికే కోపంలోని నిజాయితీకి ఆధారం ఆ లెక్కే.

ఆ తరువాతి కథ ఇంకా ఆశ్చర్యకరం. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో తానీషా దగ్గరికి వెళ్లి, బాకీ ఆరు లక్షల మొహరీలు చెల్లించి, చెల్లుచీటీ రాయించుకుని వచ్చారని పరంపరగా చెప్పుకుంటారు. సర్వశక్తిమంతుడైన దేవుడు సుల్తాను మనసు మార్చవచ్చు, గోడలు కూల్చి భక్తుణ్ణి విడిపించవచ్చు, బాకీ కాగితాన్నే మాయం చేయవచ్చు. జనం ఆ కథను అలా చెప్పుకోలేదు. బాకీ మొత్తం చెల్లింది, చెల్లినందుకు రసీదు పుట్టింది, ఆ తరువాతే తలుపు తెరుచుకుంది. పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి, నేటికీ వడ్డీ కడుతున్న వడ్డికాసులవాడుగా వేంకటేశ్వరుణ్ణి తలుచుకునేదీ ఈ జనమే. కృప గొప్పదే, అయినా అది ఇంకొకరికి రావలసినదాన్ని కొట్టివేసే పని చేయదన్న ధర్మదృష్టి ఈ రెండు కథల్లోనూ ఉంది. దైవానికి ఇంతకు మించిన గౌరవం ఇవ్వడం కష్టం.

మిగిలిన ప్రశ్న దానానిది. ఇచ్చినదాన్ని పుస్తకంలో రాస్తే దానం చెడుతుందని గుప్తదానాన్ని మెచ్చే సంప్రదాయాలు అంటాయి, తిరిగి రాబడిని ఆశించకుండా ఇచ్చేదే సాత్త్విక దానమని గీత పదిహేడో అధ్యాయం అంటుంది. రాతకూ, ఆశకూ మధ్య ఉన్న ఈ ముడిని విడదీయడం తేలిక కాదు. అయితే కృష్ణాతీరంలోని అమరావతి మహాస్తూపానికి కానుకలిచ్చిన గృహపతులు, వర్తకులు, చేతిపనులవారు తమ దానాలను రాతి మీద ప్రాకృతంలో చెక్కించారు. వారిలో విధికుడనే తోలుపనివాడు ఒకడు. పూర్ణఘటం చెక్కిన ఒక పలకను అతడిచ్చాడని, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో కలిసి ఇచ్చాడని ఆ శాసనం చెబుతుంది. ఏమిచ్చారో, ఎవరెవరు కలిసి ఇచ్చారో అందులో ఉంది. ఎంతయిందో లేదు.