మందు ఇచ్చిన గడువు

క్రిందటి షవ్వాల్ నెలలో హైదరాబాదులో ఒక వలీమా విందుకు వెళ్ళాం. దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ, మిర్చీ కా సాలన్, ఖుబానీ కా మీఠా. మా ఇంటివారికి బాగా తెలిసిన ఒక సోదరి నాలుగు ముద్దలు తిని చేయి కడుక్కోవడానికి లేచారు. పక్కనున్నవారు ఊరుకోలేదు. "అంతేనా ఆపా?" అన్నారొకరు. "సూది వేయించుకుంటున్నారట కదా, ఇక ఆకలెక్కడిది? ఓపిక పట్టి తగ్గితే గొప్ప గాని, సూదితో తగ్గితే గొప్పేముంది?" అన్నారు మరొకరు నవ్వుతూ. ఆమె వెళ్ళిపోయాక కూడా ఆ మాటలు అక్కడ చాలాసేపు సాగాయట.

రెండు రోజుల తర్వాత ఆ సోదరి మా ఇంటికి వచ్చారు. ఆమెకు చాలా ఏళ్ళుగా మధుమేహం ఉంది. మోకాళ్ళ నొప్పి వల్ల కుర్చీలో కూర్చునే నమాజు చేస్తున్నారు. డాక్టరు సలహాపై బరువు తగ్గే మందు మొదలుపెట్టి కొన్ని నెలలైంది. "వాళ్ళ మాటలో నిజముందేమో అనిపిస్తోంది" అన్నారామె. "ఇదివరకు మితంగా తినాలని ఎన్నిసార్లు నిర్ణయించుకున్నానో లెక్కలేదు. ఒక్కసారీ నెల దాటలేదు. ఇప్పుడు ఇట్టే చేయి ఆపేస్తున్నాను. అయితే ఇది నా సబ్ర్ కాదు, మందు చేస్తున్న పని. మరి ఇందులో నాకు దక్కే పుణ్యం ఏముంది?"

ఇది ఆ సోదరి ఒక్కరి ప్రశ్నే కాదు. ఈ రోజుల్లో ఎన్నో ఇళ్ళలో తలెత్తుతున్న ప్రశ్న. అందుకే దీన్ని కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

ఆకలి అందరికీ ఒకటేనా?

మనం భోజనం చేసినప్పుడు పేగుల నుండి జీఎల్‌పీ-1 అనే హార్మోను విడుదలవుతుంది. కడుపు నిండిందన్న కబురును మెదడుకు చేరవేసే వాటిలో అదొకటి. సెమాగ్లూటైడ్ వంటి మందులు ఆ హార్మోను పనినే ఎక్కువకాలం చేస్తాయి. కడుపు ఖాళీ కావడం నెమ్మదిస్తుంది, ఆకలి తగ్గుతుంది. మొదట మధుమేహానికి వాడిన సెమాగ్లూటైడ్‌కు 2021లో అమెరికాలో బరువు తగ్గించే చికిత్సగా కూడా అనుమతి లభించింది. 2025లో మన దేశంలో కూడా టిర్జెపటైడ్, ఆ తర్వాత బరువు తగ్గించే మోతాదులో సెమాగ్లూటైడ్ విక్రయానికి వచ్చాయి.

దీన్నిబట్టి మనకు ఒక విషయం బోధపడాలి. ఒకే దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న ఇద్దరిలో ఒకరికి కొద్ది ముద్దలకే చాలనిపిస్తుంది. మరొకరికి పళ్ళెం ఖాళీ అయినా ఆకలి తీరదు. మొదటివారు గొప్ప నిగ్రహపరులనీ, రెండవవారు తిండిపోతులనీ మనం తీర్పు చెప్పేస్తాం. కాని మొదటివారు ఏ ఆకలితోనూ పోరాడలేదేమో! రెండవవారు రోజూ పోరాడి ఓడిపోతున్నారేమో! ఎవరి పరీక్ష ఎంత కఠినమైనదో ఆ పరీక్ష పెట్టినవానికే తెలుసు.

సాయం తీసుకుంటే సంకల్పం తరుగుతుందా?

జబ్బుకు చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) తన అనుచరులను ప్రోత్సహించారు. ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని బోధించారు. నిత్యం ఉపవాసాలు, రాత్రంతా ఆరాధనలతో గడుపుతున్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు ఆయన శరీరానికి కూడా ఆయనపై హక్కు ఉందని గుర్తుచేశారు. శరీరం మన సొంత ఆస్తి కాదు, మనకు అప్పగించబడిన అమానత్. అమానత్‌ను కాపాడుకోవడానికి ధర్మసమ్మతమైన సాయం తీసుకోవడం బలహీనత ఎలా అవుతుంది?

చలికాలంలో ఫజ్ర్ వేళ నీళ్ళు కాచుకుని వుజూ చేసినవాని నమాజును తక్కువ నమాజు అంటామా? అలారం పెట్టుకుని లేచినవానికి పుణ్యం సగమే అంటామా? రమజాన్ సంగతే చూడండి. ఇంటిల్లిపాదీ సహెరీకి లేస్తారు. వీధి మొత్తం ఉపవాసం పాటిస్తుంది. మిగతా నెలల్లో ఒక్క ఉపవాసానికే వెనుకాడేవారు కూడా ఆ నెలలో వరుసగా ఉపవాసాలు ఉండగలుగుతారు. వాతావరణం సులభం చేసింది కాబట్టి ఆ ఉపవాసాలు వారివి కావని ఎవరూ అనరు. కష్టం ఎదురైనప్పుడు ఓర్చుకుంటే పుణ్యం ఉంది, నిజమే. కాని కష్టాన్ని కోరి తెచ్చుకోవడం ధర్మం లక్ష్యం కాదు. కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయని మనం చిన్ననాటి నుండి నేర్చుకుంటున్నాం. తిరిగి నిలబడి నమాజు చేయాలనీ, పిల్లలకు భారం కాకూడదనీ మందు వాడే సోదరి సంకల్పం మంచి సంకల్పమే.

యూసుఫ్ (అలైహిస్సలాం) గాథలోని పాఠం

అయితే ఆ సోదరి సందేహంలో మరో పార్శ్వం ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. మందు ఆకలిని తగ్గించగలదు. అలవాటును ఇవ్వగలదా?

2021లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 1,961 మంది పాల్గొన్నారు. ఆహార నియమం, వ్యాయామాలపై అందరికీ సలహాలు ఇచ్చారు. వాటితోపాటు సెమాగ్లూటైడ్ తీసుకున్నవారి బరువు 68 వారాల్లో సగటున 14.9 శాతం తగ్గింది. మందు లేని సూది తీసుకున్నవారి బరువు 2.4 శాతమే తగ్గింది. మందు బలం ఎంతటిదో ఇందులో కనిపిస్తుంది. కాని వారిలో కొందరిని, మందూ సలహాలూ ఆపివేశాక మరో ఏడాది పరిశీలించారు. తగ్గిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. ఈ ఫలితాలు 2022లో వెలువడ్డాయి.

డెన్మార్కులో జరిగిన మరో పరిశోధనలో బరువు తగ్గిన తర్వాత కొందరికి లిరాగ్లూటైడ్ మందు మాత్రమే, కొందరికి పర్యవేక్షణలో వ్యాయామం మాత్రమే, కొందరికి రెండూ ఏడాదిపాటు ఇచ్చారు. తర్వాత అన్నీ ఆపి మరో ఏడాది గమనించారు. మందు మాత్రమే వాడినవారిలో బరువు ఎక్కువగా తిరిగి పెరిగింది. వ్యాయామం కూడా చేసినవారు తగ్గిన బరువును మెరుగ్గా నిలుపుకున్నారు.

ఇక్కడ మనకు హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గాథ గుర్తుకు రావాలి. రాజు కన్న కలకు ఆయన అర్థం చెప్పారు. ఏడేళ్ళు పంటలు బాగా పండుతాయి, ఆ తర్వాత ఏడేళ్ళు కరవు వస్తుంది. అంతటితో ఊరుకోక, పండిన కాలంలో ధాన్యాన్ని వెన్నులతోనే నిల్వచేసుకోమని ఉపాయం కూడా చెప్పారు. పంట పండటం అల్లాహ్ అనుగ్రహం. దాన్ని నిల్వచేయడం మనుషుల పని. పండినదంతా ఆ ఏడేళ్ళలోనే అనుభవించి ఉంటే కరవునాడు ఆ దేశం గతేమయ్యేది?

ఆకలి అణిగి ఉన్న నెలలు పంట పండే కాలం వంటివి. నఫ్స్ గోల పెట్టని ఈ గడువులోనే అలవాట్లను కూడబెట్టుకోవాలి. మందు మోతాదు తగ్గినప్పుడో, ఖర్చు భరించలేక ఆపవలసి వచ్చినప్పుడో ఆకలి తిరిగి తలుపు తడుతుంది. అప్పుడు ఇంట్లో నిల్వ ఏముందన్నదే అసలు ప్రశ్న. రక్తపోటు మందులాగా దీన్ని కూడా దీర్ఘకాలం వాడవలసినవారు ఉంటారు. అది ఓటమి కాదు. కాని వారికి కూడా అలవాటు అవసరమే. ఎంత తినాలన్నది మందు కొంతవరకు సరిచేస్తుందేమో గాని, ఏం తినాలో అది చెప్పదు. మూడు పూటలా చాయ్, బిస్కెట్లతో సరిపెట్టుకునే ఇంట్లో బరువు తగ్గుతుంది, బలం కూడా తగ్గుతుంది.

కాబట్టి ఆ సోదరికి మేమిచ్చిన జవాబు ఇదే. ఆకలి లేకపోవడం మీ పుణ్యం కాదు, నిజమే. అది మీకు లభించిన సౌలభ్యం. ఆ సౌలభ్యాన్ని మీరు ఎలా వినియోగిస్తారన్నది మాత్రం ముమ్మాటికీ మీ కర్మే. సబ్ర్ అంటే ఆకలికి ఓర్చుకోవడం మాత్రమే కాదు. మంచి పనిపై నిలకడగా ఉండటం కూడా సబ్రే.

దారి చూపేవారు కావాలి

అలవాటు ఎలా ఏర్పడుతుంది? 1111లో మరణించిన ఇమామ్ గజాలీ (రహ్మలై) తన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో దీన్ని దస్తూరీ ఉదాహరణతో వివరించారు. మంచి లేఖకుడు కాగోరేవాడు మొదట కష్టపడి లేఖకుని చేతిని అనుకరిస్తాడు. రాసి రాసి చివరకు అది అతని సహజ గుణమైపోతుంది. మంచి గుణాలూ అంతేనంటారాయన. తన లోపాలు తనకు తెలియాలంటే మార్గాలేమిటో కూడా ఆయన చెప్పారు. లోపాలను గుర్తించగల గురువు, నిజం చెప్పే మిత్రుడు, విరోధుల నోటిమాట, జనంతో కలిసిమెలిసి ఉండి ఇతరులలో చూసిన లోపం తనలో ఉందేమో పరికించుకోవడం. ఇవీ ఆ నాలుగు మార్గాలు.

నేటి వైద్యం కూడా ఈ అవసరాన్ని గుర్తించింది. 2002లో అమెరికాలో వెలువడిన ప్రసిద్ధ మధుమేహ నివారణ పరిశోధనలో 3,234 మంది పాల్గొన్నారు. ఒక బృందంలోని ప్రతి ఒక్కరికీ ఒక శిక్షకుని తోడిచ్చి 16 పాఠాలు చెప్పించారు. బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ వారి లక్ష్యాలు. వారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర తీసుకున్నవారిలో 31 శాతం తగ్గింది. చెన్నైలో జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనలో కూడా జీవన విధానం మార్చుకున్నవారిలో మధుమేహం రావడం 28.5 శాతం తగ్గింది. వారంవారం పలకరించి, తూకం అడిగి, జారిపడిన చోట చేయందించే మనిషి విలువ ఇదీ.

ఆ సోదరికి కూడా ఆసుపత్రిలో ఒక ఆహార నిపుణురాలు ఉన్నారు. తిన్నది రాసుకోమన్నారట. మొదట్లో సిగ్గనిపించిందట. తర్వాత ఆ పుస్తకమే ఒక ముహాసబా అయింది. పరలోకంలో లెక్క అడగబడక ముందే మన లెక్క మనం చూసుకోవాలని హజ్రత్ ఉమర్ (రజి) హితవు చెప్పలేదా? ఆమె చేసుకున్న మార్పులు చిన్నవే. భోజనంలో మొదట పప్పు, గుడ్డు లేదా చేప, కూరగాయలు, ఆ తర్వాతే అన్నం. చాయ్‌లో చక్కెర లేదు. అస్ర్ తర్వాత ఇరవై నిమిషాల నడక. కుర్చీ పట్టుకుని లేచి కూర్చునే వ్యాయామం. చిన్నదైనా సరే, నిత్యం చేసే ఆచరణే అల్లాహ్‌కు మిక్కిలి ప్రియమైనదన్న ప్రవక్త (సఅసం) బోధన వంటగదికి కూడా వర్తిస్తుంది. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు వదలమన్న బోధన మనం చదివిందే. ఈ గడువులో దాన్ని ఆచరించి చూడవచ్చు.

కొన్ని జాగ్రత్తలు

ఈ మందులు డాక్టరు పరీక్షించి రాసిన తర్వాతే వాడాలి. పెళ్ళికి సన్నబడాలనో, పక్కింటివారు వాడుతున్నారనో కొనుక్కునేవి కావు. వికారం, వాంతులు, మలబద్ధకం సామాన్యంగా కలుగుతాయి. కొవ్వుతోపాటు కండ కూడా తరుగుతుంది కనుక మాంసకృత్తులు, బలాన్నిచ్చే వ్యాయామం తప్పనిసరి. గర్భిణులు, గర్భం కోరుకుంటున్నవారు వీటిని వాడరాదు. ఇన్సులిన్ లేదా చక్కెరను వేగంగా తగ్గించే మాత్రలు కూడా వాడుతున్నవారు రమజాన్‌కు ముందే డాక్టరును కలిసి మోతాదు మార్పించుకోవాలి. వారానికొకసారి తీసుకునే సూదిని ఇఫ్తార్ తర్వాత తీసుకుంటే ఏ సందేహానికీ తావుండదు.

ఇంటివారి బాధ్యత

చివరిగా, ఆ విందులో నవ్వినవారి గురించి, అంటే మన గురించి. ఒకరినొకరు ఎద్దేవా చేసుకోవడాన్ని ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో వారించింది. ఆ వెంటనే గీబత్‌ను చనిపోయిన సోదరుని మాంసం తినడంతో పోల్చింది. ఆ సోదరి ఎదుట అన్నది ఎద్దేవా, ఆమె లేచి వెళ్ళాక అన్నది గీబత్. ఆమె ఆ రోజు నాలుగు ముద్దలు తిన్నారు. మరి మనం తిన్నదేమిటి?

అతిథికి కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. అయితే "చాలు" అన్నవారి పళ్ళెంలో మరో గరిటె వేయడం మర్యాద కాదు. ఇంట్లో ఒకరు అలవాటు మార్చుకుంటుంటే మిగతావారు వారి పక్కన నడవాలి, వారు తినే కూరే తినాలి. తూకం పెరిగిన వారం మాటతో పొడవకూడదు. నిజం చెప్పే మిత్రుని స్థానం మనకు అందుబాటులో ఉండగా, విరోధి నోటి స్థానాన్ని ఎందుకు ఎంచుకోవాలి?

ఆ సోదరి ఇప్పుడు మగ్రిబ్ నమాజును నిలబడి చేయగలుగుతున్నారు. మిగతా నమాజులు ఇంకా కుర్చీలోనే. మందు ఎంతకాలం వాడాలో డాక్టరు చెప్పవలసి ఉంది. ఆమె పుస్తకంలో రాసుకోవడం మాత్రం ఆపలేదు.

అల్లాహ్ మనకిచ్చిన ఆరోగ్యాన్నీ, మందు రూపంలో లభించిన సౌలభ్యాన్నీ, గడువునూ సద్వినియోగం చేసుకునే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! మన నాలుకలను సాటివారిని గాయపరచకుండా కాపాడుగాక! ఆమీన్.