ఆదాయం 2, వ్యయం 14

కోడుమూరు పక్కన, హంద్రీ వారగా ఉన్న ఒక ఊళ్లో కవలలు పుట్టారు. ఒకే ఘడియ, ఒకే నక్షత్రం, ఒకే పాదం. మంత్రసాని ముందుగా అందుకున్నవాడు పెద్దోడు, తర్వాతివాడు చిన్నోడు. తండ్రి పోయాక చేను రెండు భాగాలైంది. మిట్ట పెద్దోడికి, పల్లం చిన్నోడికి. ఎర్రనేల, నిండా గులకరాళ్లు, పైగా వాలు. వానొచ్చిందంటే నీళ్లతోపాటు మన్ను కూడా హంద్రీ దారి పట్టేది.

ఒక ఉగాదినాడు గుళ్లో అయ్యవారు పంచాంగం చదివాడు. వానలు తక్కువన్నాడు. అన్నదమ్ముల రాశికి ఆదాయం 2, వ్యయం 14 అన్నాడు. పద్నాలుగు విన్నాక తతిమ్మాది వాళ్ల చెవికెక్కలేదు.

పెద్దోడు ఇంటికొచ్చి అరుగు మీద నడుం వాల్చాడు. "ఎంత చేసినా పద్నాలుగు పోయేదే. విత్తనాలు కూడా ఎందుకు దండగ?" అన్నాడు. చిన్నోడికీ గుండె జారింది. వాడేమీ పంచాంగాన్ని నమ్మనివాడు కాదు. శాంతి ఏమన్నా చేయించుకోవచ్చేమో అడుగుదామని మర్నాడు అయ్యవారింటికి పోయాడు. అయ్యవారు మిద్దె మీదున్నాడు. పంచె ఎగ్గట్టి, గంపలతో చౌడు పోయించుకుని, కాళ్లతో తొక్కుతూ సర్దుతున్నాడు.

"సామీ, ఈ ఏడు వాన తక్కువంటిరే. మిద్దెకు చౌడెందుకు?"

అయ్యవారు కిందికి తొంగిచూశాడు. "చదివింది పంచాంగమప్పా. కారేది నా మిద్దె."

చిన్నోడు శాంతి సంగతి ఎత్తలేదు. ఇంటికొచ్చి పార, గడ్డపార బయటికి తీశాడు. ఎండాకాలమంతా ఆలుమగలిద్దరూ చేన్లో రాళ్లు ఏరి, వాలుకు అడ్డంగా గట్టు వేశారు. పెద్దోడు అరుగు మీది నుంచే కేకేసేవాడు: "రేయ్, ఆ గట్టు కూడా వ్యయంలోకే పోతాది!"

పోయింది కూడా. ఆ ఏడు పడాల్సిన వానంతా ఒక్క రాత్రే పడింది. అన్న చేను మీదుగా దూకిన నీళ్లు తెల్లారేసరికి గట్టును రెండుచోట్ల తెంచేశాయి. పెద్దోడు వచ్చి చూసి నిజంగానే బాధపడ్డాడు. తమ్ముడంటే ప్రాణం వాడికి. "చెప్తే వింటివా? రాసిపెట్టిందాన్ని పారతో గీకేస్తావా?" అన్నాడు.

చిన్నోడు గండి దగ్గర కూర్చుని, నీళ్లు ఎటునుంచి వచ్చాయో చాలాసేపు చూశాడు. గట్టులో లోపం లేదు. పైన నీళ్లకు అడ్డు లేదు, అంతే.

మళ్లీ ఎండాకాలం రాగానే అన్న దగ్గరికి పోయాడు. "అన్నా, నీ చేన్లో రెండు గట్లు వేసుకుంటా."

"వేసుకో. నిలవాలని రాసుంటే నిలుస్తాయి. నన్ను మాత్రం లేపొద్దు."

వేశాడు. ఆ ఏడు అసలు వానే రాలేదు. ఇద్దరికీ గింజ దక్కలేదు. విత్తనం కూడా నేలపాలైంది కాబట్టి చిన్నోడికే నష్టం ఎక్కువ. కథ చెప్పేవాళ్లు ఈ ముక్కను దాటేస్తుంటారు. దాటకూడదు.

మూడో ఏడు ముంగారు వానలు మంచి పదునిచ్చాయి. పైచేన్లో నీళ్లు నిలిచి, ఇంకి, నెమ్మదిగా కిందికి దిగాయి. ఊరంతా విత్తుతుంటే అరుగు మీద కూర్చోలేక పెద్దోడు కూడా కొర్ర వేశాడు. నీళ్లు ముందు నిలిచింది వాడి చేన్లోనే గదా, తమ్ముడి కంటే ఎక్కువే పండింది. కళ్లంలో కొర్రల కుప్ప ముందు నిలబడి మీసం దువ్వాడు. "చూస్తివా తమ్ముడూ, ఈ ఏడు మన రాశి ఎంత బాగుందో!"

చిన్నోడు నవ్వి, పార భుజాన వేసుకుని గట్లు చూసుకోవడానికి పోయాడు.

నీతి: విధి పంటకు ముందు భయపెడుతుంది, పంటయ్యాక పేరు కొట్టేస్తుంది. మధ్యలో గట్టు వేసేటప్పుడు మాత్రం కనబడదు.

పెద్దోణ్ణి సోమరిపోతని తేల్చేయడం సులువే. కానీ ఈ సీమలో తరాల తరబడి విత్తి పోగొట్టుకున్నవాళ్లు "నా రాత" అనుకోకపోతే ఎట్లా బతికేవాళ్లు? ఆ మాట లేకుంటే ప్రతి కరువుకూ తమ చేతులనే తిట్టుకోవాల్సి వచ్చేది. దెబ్బతిన్నవాడు తన గురించి అనుకున్నంతవరకు అది ఓదార్పే. ఎదుటివాడు వచ్చి "నీ రాత ఇంతే" అన్నప్పుడు మాత్రం, ఆ మాట వల్ల ఎవరికి లాభమో చూడాలి.

1876లో, ధాత నామ సంవత్సరంలో, వానలు పోయాయి. అందులో ఎవరి తప్పూ లేదు. మరుసటి ఏడు రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా చాలని తేల్చాడు. ఆ ఏళ్లలోనే మన దేశపు గోధుమలు ఇంగ్లండుకు ఓడలెక్కుతూనే ఉన్నాయి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గారు. చచ్చినవాళ్ల నుదుట బ్రహ్మ ఏం రాశాడో కానీ, కూలి తగ్గిస్తూ రాసింది మాత్రం ఒక దొర.

ఈ వాదం నిన్నమొన్నటిది కాదు. బుద్ధుడి కాలంలోనే మక్ఖలి గోశాలుడు అనే ఆజీవక గురువు అంతా నియతి అన్నాడు. విసిరిన దారపుండ ఎంత దారముంటే అంతవరకు విప్పుకుంటూ పోయినట్టే మూర్ఖుడి బతుకూ, పండితుడి బతుకూ అన్నాడు. మనిషి ప్రయత్నం లెక్కలోకే రాదన్నాడు. అశోకుడు ఆ ఆజీవకుల మీద కోపగించుకోలేదు. తన పాలన 12వ ఏట బీహారులోని బరాబర్ కొండల్లో వాళ్లకు గుహలు తొలిపించి దానమిచ్చాడు. అదే అశోకుడు కోడుమూరుకు దక్షిణంగా, పత్తికొండ నుంచి గుత్తికి పోయే వైపున్న ఎర్రగుడి బండల మీద ఏం చెక్కించాడు? ధర్మమార్గంలో ఫలం పట్టుదలతో వచ్చింది, గొప్పవాళ్లకే కాదు, పూనుకుంటే చిన్నవాడికీ దక్కుతుంది అని. నియతివాదులకు నిలువ నీడ ఇచ్చాడు కానీ రాజ్యానికి మాత్రం వాళ్ల మాట చెప్పలేదు. మిద్దె మీది అయ్యవారిలో నాకు ఆయన పోలిక కొంత కనిపిస్తుంది.

ఇక మన బ్రహ్మంగారు. ఏ వింత జరిగినా "ఆయన అప్పుడే చెప్పినాడు" అని చేతులు దులుపుకోవడం మనకు అలవాటు. కాలజ్ఞానం చెప్పిన ఆ మనిషి దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా చేసుకున్నాడన్నది మాత్రం అంత తరచుగా తలుచుకోం. పుట్టుకను తలరాతగా ఒప్పుకునేవాడు చేసే పనేనా అది?

కర్నూలు దగ్గర పెద్దపాడులో 1921లో ఒక పేద దళిత కుటుంబంలో దామోదరం సంజీవయ్య పుట్టాడు. ఆ రోజుల్లో ఆ ఇంటి బిడ్డకు ముఖ్యమంత్రి యోగం ఉందంటే వినేవాళ్లు నవ్వేవారు. 1960 జనవరిలో, 38 ఏళ్ల వయసులో, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన్ను చూపించి "అట్లా కష్టపడండిరా" అని పిల్లలకు చెప్పి ఊరుకుంటాం. పైన అడ్డు వేయకుండా, పల్లంలో ఉన్నవాణ్ణే గట్టు వేసుకోమన్నట్టుంటుంది ఆ సలహా. ఒకడు ఎదురీది గట్టెక్కినంత మాత్రాన ఏటి వడి తగ్గదు. ఆ సంగతి సంజీవయ్యకు తెలుసుననే నా నమ్మకం. హంద్రీ మీది గాజులదిన్నె ప్రాజెక్టుకు సంజీవయ్య సాగర్ అని ఆయన పేరు పెట్టారు. దానికంటే పెద్ద గట్టు ఆయనే వేసి పోయాడు. దిక్కులేని ముసలివాళ్లకు ఈ రాష్ట్రంలో పింఛను ఇవ్వడం మొదలైంది ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే.